బరీలో బంతి కబుర్లు

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు శనివారం రాత్రి ఫోన్ చేస్తాడు. "అన్నయ్యా, మ్యాచ్ చూశావా? మీ మాంచెస్టర్ వాళ్లు ఏం ఆడార్రా బాబూ!" అని. నేను చూసుండను. ఆ స్టేడియానికి ట్రామ్‌లో వెళ్లే దూరంలో ఉన్న నాకు కనిపించని మ్యాచ్, ఏడు సముద్రాల అవతల సోఫాలో కూర్చున్న వాడికి లైవ్‌లో కనిపిస్తుంది. నమ్మశక్యంగా లేదు కదూ?

బ్రిటన్‌లో అదొక పాత కట్టుబాటు. శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్ని టీవీలో లైవ్ చూపించరు. 1960ల నాటి నుంచీ ఇదే తంతు. వేలకి వేలు పోసి చానెళ్లు కట్టించుకున్నా, సరిగ్గా అసలు ఆట నడిచే టైముకి తెర మీద స్కోర్లు చదివేవాళ్ల మొహాలే కనిపిస్తాయి.

కొత్తలో ఈ బాధంతా పక్కింటి పెద్దాయన దగ్గర వెళ్లబోసుకున్నాను. ఆయన రిటైర్డ్ బస్ డ్రైవర్. డెబ్బై దాటాయి. ఫెన్స్‌కి అటు ఆయన, ఇటు నేను. అంతా విని, "కనిపించకపోవడమే మంచిది" అన్నాడు తాపీగా. "పెద్ద టీంల ఆట టీవీలో వస్తుంటే చిన్న టీం ఆట చూడ్డానికి వర్షంలో తడుస్తూ ఎవడొస్తాడు? ఆ రెండున్నర గంటలూ మా కోసం వదిలేశారు. అది కూడా అడుగుతావా?"

ఆయనతో నా ఫుట్‌బాల్ పాఠాలు అలా మొదలయ్యాయి. వీటి గురించి రాస్తానంటే ఒక్కటే షరతు పెట్టాడు... పేరు వెయ్యకూడదని. "మా ఆవిడ ఫ్రెండ్సంతా చదువుతారు" అని ఆయన భయం. తెలుగు పేపరండీ అని చెప్పినా వినలేదు. కాబట్టి పెద్దాయన అనే రాస్తాను.

ఊరి టీం ఉండగా...

మేముండే బరీ, మాంచెస్టర్‌కి ఉత్తరాన ఉన్న పాత నూలు మిల్లుల ఊరు. లండన్‌కి పోలీసుల్ని తెచ్చిపెట్టిన రాబర్ట్ పీల్ ఇక్కడే పుట్టాడు. ఊళ్లో మార్కెట్ పెద్దది. అక్కడ బ్లాక్ పుడింగ్ చాలా ఫేమస్. పంది రక్తంతో చేస్తారని తెలిశాక మనవాళ్లు చాలామంది దూరం నుంచే నమస్కారం పెట్టేస్తారనుకోండి, అది వేరే సంగతి.

ఈ ఊరికి 1885లో పుట్టిన ఫుట్‌బాల్ క్లబ్ ఉంది. 1894లో లీగ్‌లో చేరింది. ఎఫ్.ఏ. కప్ రెండుసార్లు గెలిచింది, 1900లోనూ 1903లోనూ. రెండోసారి ఫైనల్లో డెర్బీ కౌంటీని 6-0తో చిత్తు చేసింది. ఫైనల్లో అంత తేడాతో మళ్లీ ఎవరైనా గెలవడానికి 2019 దాకా పట్టింది. అప్పుడు మాంచెస్టర్ సిటీ ఆ లెక్కని సమం చేసింది, దాటలేదు. ఈ మాట పెద్దాయన వారానికోసారైనా చెప్పకుండా ఉండడు.

మా అబ్బాయి సిటీ జెర్సీ వేసుకుని గార్డెన్‌లో ఆడుతుంటే ఆయన చూశాడు. "చొక్కా బాగుంది బాబూ. కానీ మీ ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరంలో ఒక టీం ఉంది, తెలుసా?" అన్నాడు. వాడు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

గెలిచే టీంని ఎంచుకోవడం ఆయన దృష్టిలో అభిమానమే కాదు. నాన్న ఏడేళ్లప్పుడు చెయ్యి పట్టుకుని గిగ్ లేన్ స్టేడియానికి తీసుకెళ్లాడు, అంతే... ఇక ఎంపిక లేదు. "పెళ్లాన్ని మార్చినవాళ్లున్నారు, పార్టీని మార్చినవాళ్లున్నారు. టీంని మార్చినవాడు నాకు తెలీదు" అంటాడు. మన దగ్గర హీరోల ఫ్యాన్స్ గుర్తొచ్చారు నాకు. కానీ ఒక తేడా ఉంది. మన ఫ్యాన్ తన హీరోని పల్లెత్తు మాట అననివ్వడు. ఈయన ముందు తిట్టేది సొంత టీంనే!

ఆ ఆగస్టు సాయంత్రం

2019లో బరీ టీం బాగా ఆడింది. నాలుగో డివిజన్లో రెండో స్థానంలో నిలిచి పై డివిజన్‌కి ఎక్కింది. ఊరంతా పండగ చేసుకోవాల్సిన మాట. కానీ అప్పటికే లోపల పునాది కదిలిపోయింది. 2018 డిసెంబర్‌లో క్లబ్ చేతులు మారింది. ఎంతకో తెలుసా? ఒక్క పౌండుకి! అప్పులు అలాగే ఉన్నాయి. ఆటగాళ్లకి, సిబ్బందికి జీతాలు ఆగిపోయాయి. లీగ్ వాళ్లు డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారో చూపించమన్నారు. గడువులు పెట్టారు, పొడిగించారు.

ఆఖరి గడువు ఆగస్టు 27. ఆ రోజు ఎవరో కొనబోతున్నారన్న ఆశతో వందల మంది జనం చీపుర్లు, పెయింట్ డబ్బాలు పట్టుకుని స్టేడియం శుభ్రం చెయ్యడానికి వెళ్లారు. మా పెద్దాయన కూడా మా గరాజ్‌లోని చీపురు అడిగి మరీ తీసుకెళ్లాడు. రాత్రికి వార్త వచ్చింది. క్లబ్‌ని లీగ్ నుంచి బహిష్కరించారు. 125 ఏళ్ల అనుబంధం ఒక్క ప్రకటనతో తెగిపోయింది.

ఆ రాత్రి ఆయన కారు ఇంటి ముందు ఆగింది గానీ ఆయన దిగలేదు. అరగంట చూసి నేను వెళ్లి కిటికీ తట్టాను. చీపురు నా చేతికిచ్చాడు. "కుర్చీలన్నీ తుడిచాను" అన్నాడు, అంతే. నేనేం మాట్లాడగలను? మన ఊళ్లో అయితే భుజం మీద చెయ్యి వేసేవాణ్ణి. ఇక్కడ అది బాగుంటుందో లేదో తెలియక, "టీ తాగుతారా?" అన్నాను. ఇంగ్లండ్‌లో నేను చేసిన సరైన పనుల్లో అదొకటని తర్వాత వాళ్లావిడ చెప్పింది.

నవ్వులో కూడా పట్టింపులే

ఆ తర్వాత ఏడాది పాటు ఆయన ఫుట్‌బాల్ చూడ్డం మానేశాడు. 1964 నుంచీ బీబీసీలో వస్తున్న మ్యాచ్ ఆఫ్ ది డే టైముకి కూడా పాత కామెడీ డీవీడీలు పెట్టుకునేవాడు. అప్పుడప్పుడూ నన్నూ పిలిచేవాడు.

ఆయన మొదట చూపించింది 1973 నాటి లైక్లీ లాడ్స్ ఎపిసోడ్. ఇద్దరు స్నేహితులు. ఇంగ్లండ్ మ్యాచ్ రాత్రికి టీవీలో వేస్తారు, అప్పటిదాకా స్కోరు చెవిన పడకూడదని ఊరంతా దాక్కుంటూ తిరుగుతారు. తీరా చూస్తే వర్షానికి మ్యాచే జరగలేదు! ఇండియా క్రికెట్ మ్యాచ్ రికార్డ్ చేసుకుని, ఆఫీసులో చెవులు మూసుకుని తిరిగే మనకి ఆ కథ వేరే చెప్పాలా?

ఆయనకి కామెడీలో ఒకటే కొలత. ఎవడు లేని గొప్ప నెత్తిన పెట్టుకుంటాడో వాడే బోల్తా పడాలి. ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్‌లో డెల్ బాయ్ పెద్ద వ్యాపారిలా ఫోజు పెట్టి బార్ కౌంటర్ మీద వాలబోయి దబ్బున పడే సీను 1989 నాటిది. ఇప్పటికీ ఆయన కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతాడు. విక్టోరియా వుడ్ అంటే మాత్రం నవ్వుతో పాటు కాస్త గర్వం కూడా. ఆవిడ పెరిగింది బరీలోనే. ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనిచేసేవాళ్ల మీద ఆవిడ రాసిన డిన్నర్‌లేడీస్‌లో అందరూ మన పక్కింటివాళ్లలా ఉంటారు. 2016లో పోయారు. 2019 మే నెలలో ఊళ్లో విగ్రహం పెట్టారు. "ఆ ఏడాది ఊరికి దక్కింది అదొక్కటే" అంటాడు పెద్దాయన.

ఒక్కసారి మాత్రం మాకు చెడింది. 1977లో మొదలైన మైండ్ యువర్ లాంగ్వేజ్ పెట్టాడు. మనవాళ్లకీ తెలిసిందే, హిందీలో జబాన్ సంభాల్‌కే పేరుతో వచ్చింది. ఆయన పడీపడీ నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు. వచ్చిన కొత్తలో ఆఫీసులో నా యాసని అనుకరించి నవ్విన మొహాలు గుర్తొచ్చాయి. ఆ మాటే చెప్పాను. ఆయన టీవీ ఆపేశాడు. చాలాసేపు మాట్లాడలేదు.

వారం తర్వాత వచ్చి, "నీ మాట ఆలోచించాను. దాంట్లో పడేవాడు గొప్పోడు కాదు, భాష రానివాడు" అన్నాడు. చేతిలో గుడ్‌నెస్ గ్రేషస్ మీ డీవీడీ ఉంది. బొంబాయిలో తాగేసిన కుర్రాళ్లు ఇంగ్లీషు హోటల్‌కి వెళ్లి, అన్నిటికన్నా చప్పటి కూర ఏదో అది పట్టుకురమ్మని ఆర్డర్ చేసే స్కెచ్ చూశాం. ఇక్కడి కరీ హౌస్‌లలో తెల్లవాళ్ల వేషాలకి అది అద్దం. ఈసారి ఇద్దరం నవ్వాం. ఆయనే ఎక్కువ.

గోడ దూకే కళ

రాజకీయాలకొస్తే ఆయన ఏ పార్టీవాడో ఇప్పటికీ నాకు తేలలేదు. అందర్నీ సమానంగా తిడతాడు. నాయకుణ్ణి కొలవడానికి ఆయన దగ్గరున్న టేపు కూడా ఫుట్‌బాలే.

2015 ఎన్నికల ప్రచారంలో అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్, అంతకాలం ఆస్టన్ విల్లా అభిమానినని చెప్పుకుని, నోరు జారి వెస్ట్ హామ్ అనేశాడు. పెద్దాయన ఇప్పటికీ క్షమించలేదు. "పన్నుల గురించి అబద్ధమాడితే అర్థం చేసుకుంటాను. టీం పేరు మర్చిపోయేవాణ్ణి ఎలా నమ్మను?"

2019 డిసెంబర్‌లో బరీ నార్త్ సీటు 105 ఓట్లతో కన్జర్వేటివ్‌లకి వచ్చింది. "మా స్టాండ్‌లో నాలుగు వరుసల జనం" అన్నాడు. 2022 జనవరిలో బరీ సౌత్ ఎంపీ కన్జర్వేటివ్ పార్టీ నుంచి లేబర్‌లోకి దూకాడు. మనకి ఫిరాయింపులు కొత్తా? నేను మామూలుగా తీసుకున్నాను. ఆయన మాత్రం, "జనవరి కదా, ట్రాన్స్‌ఫర్ విండో తెరిచే ఉంది!" అన్నాడు.

2021 ఏప్రిల్‌లో ఆరు ఇంగ్లీషు క్లబ్బులతో సహా యూరప్‌లోని పన్నెండు పెద్ద క్లబ్బులు విడిపోయి సూపర్ లీగ్ పెట్టుకుంటామన్నాయి. అభిమానులు వీధుల్లోకొచ్చారు. రెండు రోజుల్లోనే ఇంగ్లీషు క్లబ్బులన్నీ వెనక్కి తగ్గాయి. ఊరంతా సంబరపడుతుంటే పెద్దాయన ముభావంగా ఉన్నాడు. "పెద్దవాళ్ల ఇంటికి నిప్పంటుకునేసరికి ప్రధాని కూడా బకెట్ పట్టుకొచ్చాడు. మాది కాలిపోతుంటే ఎక్కడున్నారు?"

ఆ తర్వాత అభిమానుల తరఫున సమీక్ష జరిగింది. 2025 జులైలో ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం వచ్చింది. క్లబ్బుల లెక్కలు, యజమానుల అర్హత చూడ్డానికి స్వతంత్ర రెగ్యులేటర్ ఏర్పాటైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని మన సామెత చెప్పాను. నచ్చింది. కానీ, "కాలని చేతులు ఇంకా చాలా ఉన్నాయి కదా, వాళ్లకి పనికొస్తుందిలే" అన్నాడు.

అన్నదమ్ముల ఓటు

క్లబ్ పోయాక అభిమానుల్లో కొందరు బరీ ఏఎఫ్‌సీ పేరుతో కొత్త టీం పెట్టుకుని పక్క ఊరు రాడ్‌క్లిఫ్ మైదానంలో ఆడించారు. ఇంకో వర్గం డబ్బు కూడగట్టి, ప్రభుత్వ సాయంతో 2022లో గిగ్ లేన్‌ని కొంది. ఒకరి దగ్గర టీం, ఇంకొకరి దగ్గర స్టేడియం! కలవాలా వద్దా అని రెండు సంఘాల్లోనూ ఓటింగ్ పెట్టారు.

మా పెద్దాయన వద్దనే ఓటేశాడు. అంత పెద్ద స్టేడియం ఖర్చు మళ్లీ మెడకి చుట్టుకుంటుందని ఆయన భయం. వాళ్ల తమ్ముడేమో గిగ్ లేన్ లేని బరీ ఏంటని. బ్రెగ్జిట్‌కి చెరో వైపు ఓటేసి కూడా కలిసి భోంచేసిన అన్నదమ్ములు, దీనికి మాటలు మానేశారు. 2022 అక్టోబర్‌లో కొత్త టీం సంఘంలో కావాల్సిన మూడింట రెండొంతుల మెజారిటీ రాలేదు. విలీనం ఆగిపోయింది.

"గెలిచారుగా" అన్నాను. "ఎవరి మీద?" అన్నాడు. 2023 మే నెలలో మళ్లీ ఓటు పెట్టినప్పుడు ఔనని వేశాడు. ఎందుకు మార్చుకున్నారంటే, "ఖర్చు లెక్క తప్పని ఎవరూ నాకు చెప్పలేదు. కానీ మా తమ్ముడి కుర్చీ ఖాళీగా ఉంచి కట్టుకునే క్లబ్ నాకెందుకు?" అన్నాడు.

ఈసారి విలీనం నెగ్గింది. ఆ ఎండాకాలమే బరీ మళ్లీ గిగ్ లేన్‌కి వచ్చింది. మూడో మెట్టు మీద ఉండాల్సిన క్లబ్, తొమ్మిదో మెట్టు నుంచి మొదలుపెట్టింది. ఆ స్థాయిలో మూడు వేలకి పైగా జనం రావడం ఇక్కడ విశేషం. 2025లో ఆ లీగ్ గెలిచి ఒక మెట్టు పైకెక్కింది.

ఒక శనివారం మా అబ్బాయిని, నన్నూ తీసుకెళ్లాడు. వర్షం. చేతిలో వేడి వేడి పై. అక్కడ వీడియో రిఫరీ లేడు కాబట్టి గోల్ పడితే ఎవరి అనుమతీ అక్కర్లేకుండా వెంటనే అరవచ్చు. ఆట మధ్యలో పెద్దాయన తన తమ్ముడికి మమ్మల్ని పరిచయం చేశాడు. "వీళ్లది హైదరాబాద్. 1956 ఒలింపిక్స్‌లో ఇండియాని సెమీఫైనల్‌కి తీసుకెళ్లిన కోచ్ రహీమ్ వీళ్ల ఊరివాడే." నేనెప్పుడో మాటల్లో చెప్పింది అంత పదిలంగా దాచుకున్నాడు!

తిరిగొచ్చాక తమ్ముడి ఫోన్. "మ్యాచ్ చూశావా?" మా అబ్బాయి ఫోన్ లాక్కున్నాడు. "చూశాం బాబాయ్. రిఫరీకి కళ్లు లేవు, మా డిఫెన్స్‌కి కాళ్లు లేవు. వచ్చే శనివారం కూడా వెళ్తున్నాం" అన్నాడు.

'మా డిఫెన్స్' అన్నాడు వాడు. ఫెన్స్ అవతల పెద్దాయనకి తెలుగు రాదు గానీ, ఆ గొణుగుడు మాత్రం బాగానే అర్థమై ఉంటుంది.