ఇంటి టెలివిజనులో తెలుగు పాఠము

రామనగుడలో కచేరికి, బజారుకు ఒడియా వలయును; పిల్లలు దానిని నేర్వవలసినదే. ఇంటియందు మాత్రము తెలుగు వారి చెవిని పడవలెను. 2017లో ప్రారంభమైన ‘దీక్ష’లోని తెలుగు పాఠములను ఫోనునుండి టెలివిజనుకు వైఫై ద్వారా పంపి ఇంటిల్లిపాదియు చూడవచ్చును. నడుమ బొమ్మ ఆగినచో చేయదగిన పనులను విన్నవించుచున్నాము.

మొదట ఫోను, టెలివిజను ఒకే వైఫైలో నున్నవా యని చూడుడు. ఫోను మొబైల్ డేటాపై నడుచుచుండుట తరచు జరుగు పొరపాటు. పిదప రౌటరు స్థానమును గమనింపుడు. 5 గిగాహెర్ట్జ్ తరంగములు వేగము గలవే కాని గోడలు దాటునప్పుడు త్వరగా క్షీణించును, 2.4 గిగాహెర్ట్జ్ తరంగములు నెమ్మదివైనను దూరము పోవును. రౌటరు వేరొక గదిలో నున్నచో రెండవదానిని ఎన్నుకొనుడు. అప్పటికిని ఆగుచున్నచో మూడింటిని ఆపి మరల వెలిగింపుడు. చిత్రస్పష్టతను ఒక మెట్టు తగ్గింపుడు.

బొమ్మ కొంత మసకబారినను నష్టము లేదు. మన పిల్లలకు తెలుగు పలుకు తెగక అందిన చాలును.