ఏడాది వారంటీ సరే... కంపెనీ ఏడాది ఉంటుందా?

ఆన్‌లైన్ ఇంటర్వ్యూల కోసమో, మొదటి స్టైపెండ్ వచ్చిందనో మంచి ఇయర్‌ఫోన్లు, చిన్న యాంప్లిఫయర్ కొనాలనుకుంటున్నారా? ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కలిసి తయారుచేసి ఇన్‌స్టాలో అమ్మే బ్రాండ్లు మీ కంటా పడే ఉంటాయి. నిజం చెప్పాలంటే అదే ధరకి పెద్ద కంపెనీల కన్నా వీటి సౌండే చాలాసార్లు బాగుంటుంది. చిక్కంతా పాడైన రోజే.

నాకది మా ఐరాలలో తెలిసొచ్చింది. అలా కొన్న యాంప్లిఫయర్‌కి 14వ నెలలో ఎడమ వైపు మూగబోయింది. రెండేళ్ల వారంటీ ఉందిగా అని ఫోన్ చేస్తే నంబర్ పనిచేయదు, పేజీ మాయం. చిత్తూరులో తెలిసిన మెకానిక్ మూత తీసి నవ్వాడు. ఐసీల మీద నంబర్లు గీకేసి ఉన్నాయి. 'ఇదేం ఐసీనో తెలిస్తే కదప్పా మార్చేది?' అన్నాడు. అదే బల్ల మీద ఓ మైక్‌సెట్ వాళ్ల పాత అసెంబుల్డ్ యాంప్లిఫయర్ ఉంది. దాన్ని బిగించినాయన షాపు ఎప్పుడో మూసేశాడట. అయినా లోపలున్నది ఎక్కడైనా దొరికే 2ఎన్3055 ట్రాన్సిస్టర్. కొత్తది వేశాడు, మోగింది.

కాబట్టి వారంటీ ఎన్నేళ్లని కాదు, లోపల ఏముందని అడగండి. ఐసీ పేరు చెబుతారా? మామూలు 12 వోల్టుల అడాప్టర్ సరిపోతుందా? ఇయర్‌ఫోన్ కేబుల్ ఊడదీసి మార్చుకోవచ్చా? వీటికి తడుముకోకుండా జవాబిస్తే వైర్డువి ధైర్యంగా కొనొచ్చు. వైర్‌లెస్ బడ్స్ మాత్రం చిన్నవాళ్ల దగ్గర నేనైతే కొనను. బుల్లి బ్యాటరీని జిగురుతో మూసేస్తారు, పైగా యాప్ ఒకటి. 2014లో కిక్‌స్టార్టర్‌లో 30 లక్షల డాలర్లకు పైగా సేకరించిన జర్మనీ కంపెనీ బ్రాగీ కూడా 2019లో ఇయర్‌బడ్స్ వదిలేసి సాఫ్ట్‌వేర్‌కు మారిపోయింది.

చట్టం మన వైపే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మీరుండే జిల్లా కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ముందుగా 1915కి ఫోన్ చేసినా చాలు. కానీ నోటీసు పంపడానికో అడ్రస్ ఉండాలిగా! నా దగ్గరున్నది యూపీఐ స్క్రీన్‌షాట్ ఒక్కటే. జీఎస్టీ నంబర్, చిరునామా ఉన్న బిల్లు చేతికొచ్చాకే డబ్బు పంపండి.

నా యాంప్లిఫయరా? ఇప్పుడు పక్కింటి డిప్లొమా తమ్ముడు దాని మీద సోల్డరింగ్ నేర్చుకుంటున్నాడు.