పోకర్‌లో దూకుడు ఆటగాడిని ఎదుర్కొనే వ్యూహం

పోకర్ పేకాటలో మంచి ముక్కలు లేకున్నా ఉన్నట్లు భ్రమింపజేస్తూ పందెం కాయడాన్ని బ్లఫ్ అంటారు. దూకుడు ఆటగాళ్ళ ప్రధానాయుధం ఇదే. గేమ్ థియరీకి పునాది వేసిన జాన్ వాన్ నాయ్‌మన్, ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ తమ 1944 నాటి గ్రంథంలో దీనిని గణితపరంగా చర్చించారు.

ఉదాహరణకు, మధ్యలో 100 చిప్‌లు ఉండగా ప్రత్యర్థి చివరి విడతలో మరో 100 కాశాడనుకుందాం. ఇక్కడ కాల్ చేయడమంటే 200 కోసం 100 ఒడ్డడం. అతడి పందేలలో సరిగ్గా మూడో వంతు బ్లఫ్‌లైతే, బ్లఫ్‌ను మాత్రమే ఓడించగల మధ్యరకం ముక్కలతో కాల్ చేసినా, వదలుకొన్నా సగటు ఫలితం ఒకటే. అంతకు మించితే కాల్ చేయడమే లాభదాయకం. అయితే ఆ ముక్కలతో పందెం పెంచడం పొరపాటు: బ్లఫ్ చేసినవాడు తప్పుకొంటాడు, బలమైన ముక్కలున్నవాడే నిలుస్తాడు. పంతానికి పోయి కాల్ చేయడం వేరు, లెక్క చూసి చేయడం వేరు.

ప్రత్యర్థి ధోరణి ఇంకా తెలియనపుడు సుమారు సగం సార్లు కాల్ చేస్తే అతడి బ్లఫ్‌లకు లాభముండదు. ఎప్పుడూ కాల్ చేసేవాడిని గమనించిన ప్రత్యర్థి బ్లఫ్‌లు మాని, బలమైన ముక్కలతోనే పందెం కాస్తాడు.