అదను తప్పితే ఇంజన్‌కూ చేటే!

పికప్ బండికి ‘పంపు పెంచే’ ముందు యజమానులు తెలుసుకోవలసిన సంగతులు

విజయవాడ: ఎండలు ముదిరాయంటే నూజివీడు, ఆగిరిపల్లి పరిసరాల తోటల నుంచి నున్న మార్కెట్‌కు మామిడి కాయ కదులుతుంది. కైకలూరు వైపు నుంచి చేపల పెట్టెలు, దివిసీమ నుంచి ధాన్యం బస్తాలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. ఈ సరుకులో చాలా భాగం చిన్న పికప్ వాహనాలే మోస్తున్నాయి. వీటిలో అనేకం అప్పు మీద కొన్నవి. యజమానే డ్రైవరు. నెల తిరిగేసరికి వాయిదా కట్టాలి. ట్రిప్పుకు నాలుగు బస్తాలు ఎక్కువ వేస్తే తప్ప గిట్టుబాటు కాదనుకునేవారు తక్కువేమీ కాదు. బరువెక్కిన బండి లాగకపోయేసరికి వారి చూపు ఇంజన్ పంపు మీద పడుతోంది.

‘పంపు పెంచడం’ అనే మాట ఆటోనగర్ షెడ్లలో కొత్తది కాదు. స్క్రూ కాస్త తిప్పి డీజిల్ ఎక్కువ పోయేలా చేయడం ఒకటి. పంపును కొంచెం పక్కకు జరిపి టైమింగ్ ముందుకు పెట్టడం రెండోది. రెండూ కలిపినా పెద్ద పనేమీ కాదు. ఆ రోజుకు బండి హుషారుగానే లాగుతుంది. అసలు ఖర్చు ఎంతో సీజన్ మధ్యలో హెడ్ గ్యాస్కెట్ పోయి, బండి రోడ్డు పక్కన ఆగినప్పుడు గాని తెలియదు.

సెకనుకు వంద పిచికారీలు

పెట్రోలు ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజన్‌లో ఆ రవ్వ లేదు. పిస్టన్ పైకి వస్తూ సిలిండర్‌లోని గాలిని పదిహేను నుంచి ఇరవయ్యో వంతు వరకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకు గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి కాగుతుంది. సరిగ్గా అదే వేళకు నాజిల్ డీజిల్‌ను మంచు తుంపరలా చిమ్మితే అది తనంతట తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజన్ సూత్రం ఇదే. నేటికీ మారలేదు.

ఇక్కడ వేళ అంటే ఎంతో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంకు సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది. నాలుగు నాజిళ్లు కలిసి సెకనుకు 100 సార్లు పిచికారీ చేస్తాయి. క్రాంకు ఒక్క డిగ్రీ తిరగడానికి పట్టే కాలం సెకనులో 18 వేలవ వంతు. టైమింగ్ రెండు మూడు డిగ్రీలు తేడా వచ్చిందంటే ఈ రెప్పపాటులో వెయ్యో వంతు కాలాలు తారుమారైనట్లే.

డీజిల్ సిలిండర్‌లో పడగానే భగ్గుమనదు. కాగిన గాలిలో ఆవిరై అంటుకోవడానికి కొంత వ్యవధి కావాలి. అందుకే పిస్టన్ పూర్తిగా పైకి రాకముందే, కొన్ని డిగ్రీల ముందుగానే పిచికారీ మొదలవుతుంది. పైరుకు నీరు ఎంత పెట్టామన్నదే కాదు, ఏ అదనులో పెట్టామన్నదీ ముఖ్యమే కదా! ఇంజన్‌కు డీజిల్ సంగతి కూడా అంతే. ఆ అదను ఎన్ని డిగ్రీలన్నది ఒక్కో ఇంజన్‌కు ఒక్కో రకం. తయారీదారు ఇచ్చిన పుస్తకంలో అది రాసి ఉంటుంది. ఒక బండి లెక్క మరో బండికి పనికిరాదు.

ముందైనా ముప్పే, వెనకైనా నష్టమే

టైమింగ్ మరీ ముందుకు పెడితే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట లేచి దాన్ని కిందికి నెడుతుంది. మెట్టెక్కుతున్న మనిషి గుండెల మీద చేయి పెట్టి తోసినట్లన్నమాట. ఇంజన్ ఠక్ ఠక్ మని గట్టిగా కొడుతుంది. ఆ శబ్దాన్నే బలమని భ్రమపడేవారున్నారు. నిజానికి ఆ దెబ్బ పిస్టన్, బేరింగులు, హెడ్ గ్యాస్కెట్ మీద పడుతోంది.

మరీ వెనక్కి పెడితే పిస్టన్ దిగిపోతుండగా డీజిల్ కాలుతుంది. మంట చేయవలసిన పని సగం చేసి సైలెన్సర్ దారి పడుతుంది. బండి మందకొడిగా లాగుతుంది. పొద్దున్నే స్టార్టు కావడానికి మొరాయిస్తుంది. డీజిల్ ఖర్చు పెరుగుతుంది. ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది. టర్బో ఉన్న బండి అయితే ఆ వేడి దానికి మరింత చేటు.

పొగను బట్టి కొంత పోల్చుకోవచ్చు. ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా తెల్ల పొగ వస్తుంటే డీజిల్ కాలకుండా పోతున్నదని, టైమింగ్ వెనకబడి ఉండవచ్చునని అనుమానించాలి. హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని నీరు సిలిండర్‌లోకి దిగినా తెల్ల పొగే వస్తుంది. నల్ల పొగ వస్తే డీజిల్ ఎక్కువైందనో, గాలి తక్కువైందనో అర్థం. నీలి పొగ ఇంజన్ ఆయిల్ కాలుతున్నదనడానికి గుర్తు. దీనికి టైమింగ్‌తో నిమిత్తం లేదు.

డీజిల్ పెంచారు సరే, గాలి ఏది?

కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. అంటే ఇంచుమించు 12 ఘనపు మీటర్లు. స్క్రూ తిప్పి డీజిల్ పెంచినంత మాత్రాన గాలి పెరగదు. గాలి చాలని డీజిల్ మసిగా మారి నల్ల పొగై పోతుంది. అంటే డబ్బు సైలెన్సర్‌లోంచి పోయినట్లే. పైగా ఎండాకాలంలో గాలి పలచబడుతుంది. మామిడి సీజన్‌లోనే బరువూ ఎక్కువ, వేడీ ఎక్కువ. పంపు పెంచిన బండ్లకు ఆ నెలల్లో గండం పొంచి ఉంటుందంటే అతిశయోక్తి కాదు.

బండి లాగనప్పుడు మొదట పంపు జోలికి పోకూడదు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందేమో చూడాలి. డీజిల్ ఫిల్టర్ మార్చాలి. నాజిళ్లను టెస్టింగ్ మెషిన్ మీద పెట్టి చూడాలి. వాల్వుల క్లియరెన్స్ సరిచూడాలి. క్లచ్ జారుతున్నదేమో, బ్రేకులు పట్టేస్తున్నాయేమో గమనించాలి. ఇవన్నీ సరిగా ఉండి కూడా లాగకపోతేనే టైమింగ్ సంగతి ఆలోచించాలి.

చెవితో కాదు, కొలతతో

పాత మోడల్ పికప్‌లలో చాలావాటికి మెకానికల్ పంపులే. 1951లో బెంగళూరులో మొదలైన మైకో కంపెనీ పేరు మీద నేటికీ వీటిని ‘మైకో పంపు’ అనేవారున్నారు. ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారింది.

వరుస పంపు అయితే ఒకటో సిలిండర్‌ను నొక్కుడు దశకు తెచ్చి, ఆ సిలిండర్ తాలూకు డెలివరీ వాల్వు తీసి, దాని స్థానంలో వంపు తిరిగిన సన్నని గొట్టం బిగిస్తారు. గొట్టం నుంచి డీజిల్ ధారగా వస్తుంది. ఇంజన్‌ను చేత్తో మెల్లగా, తిరగవలసిన దిశలోనే తిప్పుతూ పోతే ధార చుక్కలవుతుంది. చుక్క ఆగబోయే చోటే పిచికారీ మొదలయ్యే చోటు. అప్పుడు ఫ్లైవీల్ లేక పుల్లీ మీది గుర్తు పుస్తకంలో చెప్పిన డిగ్రీ వద్ద ఉండాలి. లేకుంటే పంపు బోల్టులు సడలించి జరుపుతారు. పంపు ఇరుసు తిరిగే దిశకు ఎదురుగా పంపును జరిపితే టైమింగ్ ముందుకు, అదే దిశలో జరిపితే వెనక్కి పోతుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే పంపు ఒక్క చుట్టే తిరుగుతుంది. కనుక పంపు వద్ద ఒక డిగ్రీ అంటే క్రాంకు వద్ద రెండు డిగ్రీలు. వెంట్రుకవాసి జరిపినా తేడా రెట్టింపు.

రోటరీ పంపు అయితే వెనుక ఉన్న బిరడా తీసి డయల్ గేజి పెట్టి, లోపలి ప్లంజరు ఎంత కదిలిందో మిల్లీమీటరులో నూరో వంతు వరకు కొలుస్తారు. గేజి లేకుండా ఇంజన్ శబ్దం విని పెట్టే టైమింగ్ ఎంత అనుభవజ్ఞుడు పెట్టినా అంచనాయే అవుతుంది.

ఒక హెచ్చరిక. నాజిల్ పిచికారీకి చేయి అడ్డం పెట్టరాదు. పాత నాజిళ్లలోనే పీడనం సుమారు 200 బార్లు ఉంటుంది. అది చర్మాన్ని చీల్చుకుని డీజిల్‌ను లోపలికి ఎక్కిస్తుంది. పైకి చిన్న చీమకుట్టులా కనిపించినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. లేకుంటే వేలో చేయో పోగొట్టుకోవలసి వస్తుంది.

కొత్త బండ్లలో తిప్పే స్క్రూ లేదు

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఈ పికప్‌లలో టైమింగ్‌ను కంప్యూటరు నిర్ణయిస్తుంది. పీడనం వెయ్యి బార్లు దాటుతుంది. ఒక్కో దశలో డీజిల్ రెండు మూడు విడతలుగా పడుతుంది. ఇప్పుడు కొందరు ల్యాప్‌టాప్‌తో ఆ లెక్కలు మార్చి ‘పవర్ పెంచుతాం’ అంటున్నారు. పరికరం మారింది గాని సూత్రం మారలేదు. ఎక్కువైన మసి ఎగ్జాస్ట్‌లోని ఫిల్టర్‌ను పూడ్చేస్తుంది. గ్యారంటీ చేజారుతుంది.

చట్టం సంగతి కూడా మరువరాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తోంది. 2019 సవరణ ప్రకారం అధిక లోడుకు జరిమానా 20 వేల రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు మరో 2 వేలు. నాలుగు బస్తాల లాభం ఒక్క తనిఖీతో తుడిచిపెట్టుకుపోతుంది.

పంపు పని చేయించినప్పుడల్లా ఎన్ని డిగ్రీలకు పెట్టారో, డీజిల్ కొలత ఎంతో కాగితం మీద రాయించుకోవడం మంచిది. మరోసారి మరో షెడ్డుకు వెళ్లినా ఆ కాగితమే ఆధారం. రాసి ఇవ్వడానికి వెనకాడే చోట బండిని వదలకపోవడమే మేలు. ఆటోనగర్‌లో కాలిబ్రేషన్ మెషిన్లు ఉన్నాయి, చేయి తిరిగిన పనివారూ ఉన్నారు. సీజన్ మొదలయ్యాక పరుగెత్తడం కంటే, కాయ కోతకు రాకముందే ఒక రోజు బండి ఆపి పరీక్ష చేయించుకుంటే వాయిదాల మీద బతికే కుటుంబాలకు ఎంతో మేలు జరుగుతుంది.