ఓడినవారి గ్రంథములు

యుద్ధమున గెలిచినవాడే చరిత్ర వ్రాయునని లోకమున ఒక మాట కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధము ఈ మాటను తలక్రిందులు చేసినది. అచట ఓడిన దక్షిణ రాష్ట్రములవారు కత్తిని దించిన మఱుసటి సంవత్సరమే కలమును చేతబట్టిరి. పిమ్మట డెబ్బది ఎనుబది ఏండ్లు దానిని విడువలేదు. ఆ పోరున మడిసినవారు ఆరు లక్షల ఇరువది వేలమంది యని చిరకాలము చెప్పుచు వచ్చిరి. జనాభా లెక్కలను తిరిగి శోధించిన ఇటీవలి పండితులు ఏడు లక్షలును మించునని చెప్పుచున్నారు.

సముద్రముల కావల జరిగిన దాయాదుల కలహముతో మనకేమి పని యని కొందఱు అడుగవచ్చును. లాంకషైరు మిల్లులకు కావలసిన దూదిలో నాలుగింట మూడు పాళ్లకు పైగా ఆ దక్షిణ రాష్ట్రములలో బానిసల చేతులు తీసినదే. ఉత్తరపు నౌకాదళము రేవులను ముట్టడింపగా దూది నిలిచిపోయెను. తెల్ల వర్తకుల చూపు మన నల్లరేగడి చేలపై బడెను. గుంటూరు సీమ పత్తి కాకినాడ రేవున ఓడలకెక్కినది. ఆ రేవు పెరుగుటకు ఆనాటి గిరాకి యొక ముఖ్య కారణము; ఆ రకమునకు వర్తకమున ‘కాకినాడ పత్తి’ యనియే పేరు నిలిచినది. 1862లో టాల్బాయిసు వీలరు సర్కారు దప్తరములను వెదకి చెన్నపురి రాజధానిలోని పత్తి సేద్యమును గూర్చి యొక గ్రంథమే కూర్చెను. 1865లో అచట తుపాకులు ఆగగానే ధర కూలెను. బొంబాయిలో ఎన్నో పెద్ద కొఠీలు దివాలా తీసినవి. కాబట్టి ఆ యుద్ధ మేల జరిగినదో తెలిసికొనుట మనకును అక్కఱలేని పని కాదు.

ఏల జరిగినదను ప్రశ్నకు గ్రంథములు రెండు విధముల ఉత్తర మిచ్చుచున్నవి. దక్షిణ కూటమికి ఉపాధ్యక్షుడు అలెగ్జాండరు స్టీఫెన్సు. ఈతడు 1861 మార్చిలో జార్జియా రాష్ట్రమందలి సవన్నా పట్టణమున ఉపన్యసించుచు, నల్లవారు తెల్లవారికి సమానులు కారనియు, బానిసత్వమే వారికి సహజస్థితి యనియు చెప్పు సిద్ధాంతము తమ నూతన ప్రభుత్వమునకు మూలరాయి యని దాపఱికము లేక పలికెను. ఓడిన తరువాత 1868లోను 1870లోను రెండు సంపుటముల పెద్ద గ్రంథము ప్రకటించి, యుద్ధమునకు మూలము బానిసత్వము కాదనియు, రాష్ట్రముల హక్కులకును కేంద్రాధికారమునకును నడుమనున్న రాజ్యాంగ వివాదమే యనియు వాదించెను. మనిషి యొకడే. ఆ రెండు మాటలకు నడుమ వచ్చినది ఓటమి. రాష్ట్ర స్వాతంత్ర్యమను మాట మన చెవికి ఇంపుగా వినబడును. అందుచేతనే ఆ గ్రంథమును మనవారు మఱింత జాగరూకతతో చదువవలెను. 1861 జనవరిలో మిసిసిపి రాష్ట్రము వేర్పాటుకు కారణములు చెప్పుచు వెలువరించిన ప్రకటన కొలది పుటలే. దానిలో బానిసత్వము తొలి పలుకులలోనే కనబడును.

ఈ క్రొత్త కథకు పేరు పెట్టినవాడు మన వృత్తివాడే. రిచ్మండు పత్రికా సంపాదకుడు ఎడ్వర్డు పొలార్డు 1866లోనే ‘పోయిన పక్షము’ అను అర్థమిచ్చు పేరుతో గ్రంథము వెలువరించెను. సేనాని జూబల్ అర్లీ దానికి సైనిక చరిత్రను జోడించెను. దళపతి రాబర్టు లీ పొరపాటు ఎరుగడు. 1863 జూలైలో గెటిస్బర్గునొద్ద ఓడుటకు లాంగుస్ట్రీటు జాగుచేయుటయే కారణమని యీతని వాదము. లాంగుస్ట్రీటు చేసిన నిజమైన నేరము, యుద్ధానంతరము గెలిచిన పక్షపు రాజకీయమున చేరుట. ఆయన తన సమాధానమును 1896లో గ్రంథముగా ప్రకటించునాటికి వినువారు తక్కువైరి. గెటిస్బర్గున అర్లీ కూడ ఒక దళమును నడపియుండెనని పాఠకులు మఱువరాదు.

ఇట్లన్నంత మాత్రమున ఆ పక్షపు గ్రంథములన్నియు త్రోసివేయదగినవి కావు. టెన్నెసీ సిపాయి సామ్ వాట్కిన్సు 1882లో ప్రకటించిన స్మృతులకు సాటి వచ్చునవి ఏ దేశమునను కొద్ది. తన దళమున తొలుత చేరిన సుమారు నూట ఇరువదిమందిలో కడకు ఏడుగురు మిగిలిరట. ఆకలి, పేలు, చెప్పులు లేని కాళ్లు, పారిపోయినవారిని కాల్చిచంపుట, అన్నియు నవ్వుచు ఏడ్చుచు చెప్పును. రిచ్మండు దినపత్రిక సంపాదకుడగు డగ్లసు ఫ్రీమన్ 1934, 1935 సంవత్సరములలో లీ చరిత్రను నాలుగు సంపుటములుగా వెలువరించెను. ఏ ఘడియకు లీ చెవిని బడిన వార్త యెంతయో, పాఠకునకును అంతయే చెప్పుచు కథ నడపిన ఆ నేర్పు అపూర్వము. అయినను నిత్యము కార్యాలయమునకు పోవుచు లీ విగ్రహమునకు వందనము చేసెడివాడని ప్రసిద్ధిగల చరిత్రకారుని తీర్పును, ఆ వందనమును తీసివేసి చదువవలెను. 1890లో నిలిపిన ఆ విగ్రహమును 2021లో దించివేసిరి.

గెలిచిన పక్షమున గ్రాంటు స్మృతులు మేలైనవి. అప్పులలో మునిగి, గొంతులో పుండు ప్రాణము తోడుచుండగా, 1885లో మరణమునకు కొలది దినముల ముందు ముగించెను. యుద్ధమునకు మూలము బానిసత్వమని అందు తేటగా చెప్పెను. వీనికి తోడు ప్రభుత్వము 1880 మొదలు 1901 వఱకు 128 పుస్తకములుగా ఇరుపక్షముల యుత్తరువులను, జాబులను అచ్చువేసినది. వాదము తీర్చవలసినది అక్కడనే.

కాని బడిపిల్లలు 128 పుస్తకములు చదువరు. దక్షిణ సేనల కుమార్తెల సంఘమున చరిత్ర బాధ్యత వహించిన మిల్డ్రెడ్ రూథర్ఫర్డు పాఠ్యగ్రంథములకు కొలబద్దగా ఒక చిన్న పొత్తమును ప్రకటించెను. యుద్ధమునకు కారణము బానిసత్వమను పుస్తకమును త్రోసివేయుడనియు, గ్రంథాలయములలో నున్నచో దానిపై దక్షిణమునకు అన్యాయము చేసినదని గుర్తు వేయుడనియు అందలి యుపదేశము. తరములు ఆ కొలబద్దతోనే పెరిగినవి. ఉత్తరపు సేనలో పోరాడిన లక్షా ఎనుబది వేల నల్ల సిపాయిలు ఆ పాఠములనుండి మాయమైరి. 1935లో డుబాయిసు పండితుడు వారిని తిరిగి చరిత్రలో నిలిపి గ్రంథము వ్రాయగా, ఆనాటి విద్వాంసులలో పలువురు దానిని తెఱచి చూడలేదు.

అంతకు ముందే, 1902లో, సూసీ కింగు టేలరు అను స్త్రీ ఒక చిన్న పుస్తకమును తన సొంత వ్యయముతో బోస్టనున అచ్చువేయించెను. నల్ల సిపాయిల పటాలమున నాలుగేండ్లకు మించి బట్టలుతికి, గాయపడినవారికి ఉపచారము చేసి, సిపాయిలకు అక్షరములు నేర్పి, దమ్మిడీ జీతమెరుగని స్త్రీ. పుట్టుక బానిసత్వమున. బాల్యము గడచినది స్టీఫెన్సు మూలరాయిని గూర్చి పలికిన ఆ సవన్నా పట్టణముననే. అచట బానిసలకు చదువు నిషిద్ధము. పోలీసులును తెల్లవారును చూడకుండ పుస్తకములకు కాగితము చుట్టుకొని, ఉదయము తొమ్మిది గంటలకు రహస్యపు బడికి పోయెడివారమని ఆమె వ్రాసినది.