బండి ఒకటే... ప్రాణాలు రెండు
జంటగా యాత్రలు చేసే మోటార్‌సైకిల్ ప్రియులు తెలుసుకోవాల్సిన సంగతులు

విశాఖపట్నం: ఆదివారం తెల్లవారుజామున ఐదు గంటలకు పెందుర్తి కూడలిలో కాసేపు నిలబడి చూడండి. వీపుకు సంచి, తలకు హెల్మెట్, కాళ్లకు బూట్లతో కొత్తవలస వైపు సాగిపోయే మోటార్‌సైకిళ్లు ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తాయి. ఒకప్పుడు ఇవన్నీ కుర్రకారు బండ్లే. ఇప్పుడు వాటిలో భార్యాభర్తలవీ ఉంటున్నాయి. కొందరు ఒకే బండిపై వెళ్తుంటే, మరికొందరు చెరో బండిపై బయల్దేరుతున్నారు. ఎస్.కోటలో టిఫిన్, అనంతగిరి ఘాట్‌లో కాఫీ, మధ్యాహ్నానికి అరకు. చీకటి పడేలోగా తిరిగి ఇంటికి.

మోటార్‌సైకిల్‌పై భార్యాభర్తలు కలిసి వెళ్లడం మనకు కొత్త కాదు. రాజ్‌దూత్, యెజ్డి బండ్ల కాలం నుంచీ పెళ్లిళ్లకూ, తీర్థాలకూ, పుట్టింటికీ వెళ్లింది ఆ బండ్ల మీదే. అప్పుడు అది అవసరం. ఇప్పుడు సరదా కోసం, ఊళ్లు చూడటం కోసం ఇద్దరూ ఇష్టపడి బయల్దేరుతున్నారు. 2018లో హైదరాబాద్ నుంచి నలుగురు మహిళలు మోటార్‌సైకిళ్లపై ఆరు దేశాలు చుట్టి, 17 వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చారు. ఆడవారు వెనుక సీటుకే పరిమితమన్న మాటకు ఆ యాత్ర గట్టి సమాధానం.

అయితే ఈ సరదాలో పైకి కనిపించని తేడా ఒకటుంది. చాలా ఇళ్లలో మంచి హెల్మెట్, మంచి జాకెట్ బండి నడిపే వారికే ఉంటాయి. వెనుక కూర్చునే వారికి మాత్రం పాత టోపీలాంటి హెల్మెట్టో, అదీ లేకపోతే చున్నీయో గతి. బండి పడితే రోడ్డుకు ముందు సీటు, వెనుక సీటు అన్న భేదం తెలియదు.

లెక్కలు చెబుతున్నదేమిటి?

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. హెల్మెట్ లేకుండా ప్రాణాలు కోల్పోయినవారు 50,029 మంది. ఇందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారు.

మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ ప్రకారం నడిపేవారితో పాటు వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. 2019లో చేసిన చట్ట సవరణలో ఈ నిబంధన ఉల్లంఘనకు వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు రద్దు చేర్చారు. జరిమానాకు భయపడి పెట్టుకునే హెల్మెట్ పోలీసులు కనిపించే వరకే తల మీద ఉంటుంది. ఘాట్ రోడ్డు మలుపులో పోలీసులు ఉండరు.

తలకు తగిన హెల్మెట్

2021 జూన్ 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్ల తయారీ, అమ్మకం నిషిద్ధం. ఐ.ఎస్. 4151 ప్రమాణానికి లోబడి తయారైన వాటికే ఈ గుర్తు ఇస్తారు. రోడ్డు పక్కన చవకగా దొరికే గుల్లను కొంటే డబ్బు మిగలవచ్చు గానీ తల మిగలదు.

గుర్తు ఉంటే చాలదు, కొలత కూడా కుదరాలి. కొత్త హెల్మెట్ పెట్టుకున్నప్పుడు బుగ్గలను కాస్త నొక్కినట్లుండాలి. పట్టీ బిగించి తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ తలతో పాటే కదలాలి. వెనుక నుంచి పైకెత్తి చూస్తే ఊడిరాకూడదు. భర్త కొలతకు కొన్న హెల్మెట్ భార్యకు వదులుగా ఉంటే అది ఉన్నా లేనట్లే. జడ ఉన్నవారు కొప్పు పైకి చుట్టి హెల్మెట్ పెట్టుకుంటే అది తలపై సరిగా కూర్చోదు. జడను మెడ దగ్గర కిందకు వదిలి, జాకెట్ లోపల పెట్టుకోవడం మేలు.

హెల్మెట్ లోపలి థర్మోకోల్ వంటి పొర దెబ్బను తాను నలిగి పీల్చుకుంటుంది. ఒకసారి నలిగిన పొర రెండోసారి ఆదుకోదు. పైకి గీత కూడా కనిపించకపోయినా, ప్రమాదంలో దెబ్బ తిన్న హెల్మెట్‌ను మార్చి తీరాలి.

జాకెట్, గ్లౌజులు, బూట్లు

కింద పడేటప్పుడు మనిషి తెలియకుండానే ముందుగా చేతులు ఆనిస్తాడు. అందుకే హెల్మెట్ తరువాతి స్థానం గ్లౌజులది. చీలమండను కప్పే బూట్లు మూడోది. జాకెట్‌లో మోచేతులు, భుజాలు, వీపు దగ్గర గార్డులు ఉండాలి. వీటిపై ఉండే ఈ.ఎన్. 1621 అన్న ముద్ర దెబ్బను తట్టుకునే పరీక్ష నెగ్గినట్లు తెలుపుతుంది. అందులో రెండో స్థాయి గార్డులు మొదటి స్థాయి కంటే ఎక్కువ రక్షణనిస్తాయి.

ఇక్కడా మహిళలకు అన్యాయం జరుగుతోంది. మగవారి జాకెట్‌లో చిన్న సైజు తెచ్చి సరిపెడుతుంటారు. భుజాలు వదులైతే మోచేతి గార్డు పక్కకు తిరుగుతుంది. దెబ్బ తగిలే చోట గార్డు ఉండదు. మహిళల కొలతలతో తయారైన జాకెట్లు దొరుకుతున్నాయి. వేసుకుని, బండిపై కూర్చున్న భంగిమలో చేతులు చాపి చూశాకే కొనాలి.

మన ఎండలకు జాకెట్ ఎలా అన్న సందేహం సహజమే. గాలి ఆడే జాలీ జాకెట్లు ఇందుకోసమే ఉన్నాయి. గాలి వేడి శరీరపు వేడిని మించినప్పుడు వట్టి చేతులకు తగిలే గాలి చల్లబరచదు, పైపెచ్చు వేడెక్కిస్తుంది, ఒంట్లో నీటిని లాగేస్తుంది. లోపలి బనియన్‌ను తడిపి, పైన జాలీ జాకెట్ వేసుకుంటే ఆ తడి ఆరుతూ చల్లదనాన్నిస్తుంది. గంటకోసారి నీళ్లు తాగడం మరవరాదు.

చీర, చున్నీలతో జాగ్రత్త

వెనుక చక్రంలో బట్టలు చిక్కుకోకుండా సగం చక్రాన్నయినా కప్పే రక్షణ, వెనుక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఏర్పాటు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 123వ నిబంధన చెబుతోంది. మన ఊళ్లలో దీన్నే శారీ గార్డు అంటారు. అందానికి అడ్డమని దీన్ని ఊడదీయించేవారు ఉన్నారు. అది చట్టవిరుద్ధం మాత్రమే కాదు, ప్రాణాంతకం కూడా.

ఒకవైపు కాళ్లు వేసి కూర్చుంటే బరువు ఒక పక్కకు ఒరుగుతుంది. ఊళ్లో నాలుగు వీధులు తిరిగితే తెలియదు గానీ, ఘాట్ మలుపుల్లో బండి నడిపేవారికి ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. దూర ప్రయాణానికి ప్యాంటు లేదా సల్వార్ ధరించి, ఇరువైపులా కాళ్లు వేసి కూర్చోవడమే క్షేమం. చున్నీ ఇంట్లో వదిలేయాలి.

ఇద్దరెక్కితే బండి మారిపోతుంది

ఒక్కరు నడిపేటప్పుడు చేతికి అలవాటైన బండి, వెనుక మరొకరు, సామాను చేరగానే వేరే బండి అవుతుంది. వెనుక భాగం కుంగి ముందు చక్రం తేలికపడుతుంది. హెడ్‌లైటు వెలుగు పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడుతుంది. అందుకే బయల్దేరే ముందు రోజు కొన్ని పనులు పూర్తి చేయాలి.

టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొట్టించాలి. ఇద్దరు ఎక్కినప్పుడు వెనుక టైరుకు ఎంత గాలి ఉండాలో బండిపై అంటించిన పట్టీలోనో, కంపెనీ ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. వెనుక షాక్‌అబ్జార్బర్‌ను బరువుకు తగ్గట్లు బిగించాలి. హెడ్‌లైటును దించాలి. చైన్ వదులు చూసి, నూనె రాయాలి. బ్రేకులను మెకానిక్‌కు చూపించాలి. బరువైన సామాను వెనుక ర్యాకు చివర కట్టకుండా, ఇరువైపులా కిందుగా, సీటుకు దగ్గరగా సమంగా సర్దాలి.

వేగం సంగతి కూడా లెక్క వేసుకోవాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. అడ్డొచ్చిన గేదెను చూసి బ్రేకుపై చేయి వేసేలోగానే ఆ దూరం అయిపోతుంది. వేగం 60 నుంచి 80కి పెరిగితే, బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం దాదాపు 1.8 రెట్లవుతుంది.

వెనుక సీటూ ఒక బాధ్యతే

వెనుక కూర్చోవడం అంటే ఊరకే కూర్చోవడం కాదు. నడిపేవారు రెండు కాళ్లూ నేలకు ఆనించి, ముందు బ్రేకు పట్టుకుని, సరేనన్న తరువాతే ఎక్కాలి, దిగాలి. మలుపులో బండి ఎటు వంగితే అటే వంగాలి. భయపడి ఎదురు వంగితే బండి దారి తప్పుతుంది. మలుపు ఎటుంటే ఆ వైపు భుజం మీదుగా చూస్తుంటే శరీరం తనంతట తానే సర్దుకుంటుంది. బ్రేకు వేసినప్పుడు ముందుకు తూలకుండా నడుమునో, పిడినో పట్టుకోవాలి.

మాటలు గాలికి వినిపించవు గనుక సైగలు ముందే అనుకోవాలి. భుజంపై ఒకసారి తడితే నెమ్మదిగా, రెండుసార్లు తడితే ఆపమని. హెల్మెట్లలో అమర్చుకునే బ్లూటూత్ ఇంటర్‌కమ్‌లూ దొరుకుతున్నాయి. పరికరం ఏదైనా నియమం ఒక్కటే ఉండాలి. వెనుకవారు ఆపమన్నాక ఎందుకని అడగకుండా ఆపాలి. నడుము నొప్పి, నిద్రమత్తు, భయం... కారణం ఏదైనా దిగాక మాట్లాడుకోవచ్చు.

ఘాట్ ఎక్కేటప్పుడు... దిగేటప్పుడు

సముద్ర తీరం నుంచి సుమారు 115 కిలోమీటర్ల ప్రయాణంలో దాదాపు 900 మీటర్ల ఎత్తుకు చేర్చే దారి అరకుది. ఎక్కడం కంటే దిగడమే కష్టం. దిగేటప్పుడు పెట్రోలు ఆదా అవుతుందని ఇంజిన్ ఆపడం, న్యూట్రల్‌లో వదలడం ప్రమాదకరం. ఇద్దరి బరువుతో ఆగకుండా బ్రేకు తొక్కుతూ పోతే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగితే వేగాన్ని ఇంజినే చాలావరకు అదుపు చేస్తుంది. ఇరుకు చోట పైకి వచ్చే వాహనానికి దారి ఇవ్వాలన్నది నియమం. శీతాకాలపు పొగమంచులో హెడ్‌లైటును లోబీమ్‌లోనే ఉంచాలి. హైబీమ్ వేస్తే మంచే తెల్లగా మెరిసి దారిని మింగేస్తుంది.

శ్రీశైలం వెళ్లాలనుకునే వారు మరో సంగతి గమనించాలి. నల్లమల పులుల అభయారణ్యం మీదుగా రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు రాకపోకలను అనుమతించరు. చెక్‌పోస్టు వద్ద చలిలో పడిగాపులు పడకుండా వేళ చూసుకుని బయల్దేరాలి.

కాగితాలూ సరిచూడండి

నడపడంలో వంతులు వేసుకునే జంటలు లైసెన్సును ఒకసారి తీసి చూడాలి. స్కూటర్ల కోసం తీసుకున్న గేరు లేని బండి లైసెన్సుతో గేర్ల మోటార్‌సైకిల్ నడపరాదు. తగిన లైసెన్సు లేకుండా నడిపినవారికే కాదు, బండి ఇచ్చిన యజమానికీ ఐదు వేల రూపాయల జరిమానా పడుతుంది.

అంతకంటే ముఖ్యమైనది బీమా. చాలామంది చట్టం కోసం థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే కట్టి నిశ్చింతగా ఉంటారు. ఆ పాలసీ ఉన్న బండి వెనుక కూర్చున్నవారికి పరిహారం చెల్లించే బాధ్యత బీమా సంస్థకు లేదని 2006లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. యజమానికి ఉండే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా యజమానికే పరిమితం. భర్త పేరిట ఉన్న బండిని భార్య నడిపినా, వెనుక కూర్చున్నా ఆ బీమా ఆమెకు అక్కరకు రాదు. అందుచేత సమగ్ర పాలసీ తీసుకోవాలి. వెనుక కూర్చునేవారికి ప్రమాద బీమా చేర్చారో లేదో పాలసీ కాగితంలో స్వయంగా చదివి చూడాలి. అదనంగా కట్టే సొమ్ము ఒక టైరు ఖరీదు కంటే తక్కువే.

జాతీయ రహదారిపై ఆపద వస్తే 1033, ఎక్కడైనా 112, అంబులెన్సుకు 108 నంబర్లను ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోవాలి. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల మేర నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. రక్తపు గ్రూపు, ఇంటివారి నంబరు రాసిన చీటీ ఇద్దరి జేబుల్లోనూ ఉండాలి. ఒకరి జేబులోనే ఉంటే ఆ ఒక్కరూ స్పృహలో లేనప్పుడు రెండోవారి వివరం ఎవరికీ తెలియదు.

మొదటి అడుగు చిన్నదిగా...

మొదటిసారే లద్దాఖ్ అనుకోవద్దు. విశాఖ జంటలకు భీమిలి బీచ్ రోడ్డు మంచి పాఠశాల. ఉదయం పూట వెళ్లి వస్తే సీటు ఎక్కడ నొప్పి పెడుతోంది, హెల్మెట్ ఎక్కడ బిగుస్తోంది, ఎంతసేపటికి విరామం కావాలి అన్నవి తెలిసిపోతాయి. తరువాత అరకు, ఆపై లంబసింగి, మారేడుమిల్లి. రోజుకు 200 నుంచి 250 కిలోమీటర్లు దాటకుండా, గంటన్నరకోసారి దిగి నడుము చాపుతూ, చీకటి పడేలోగా బస చేరేలా పథకం వేసుకుంటే అలసట ఉండదు.

యాత్రకు కావలసిన డబ్బు పోగయ్యాక చాలామంది ముందుగా కొనేది బండికి కొత్త హంగులు. ఆ జాబితాలో మొదటి వరుసలో వెనుక కూర్చునేవారి హెల్మెట్ రాయండి. ఆమెను తీసుకెళ్లి, ఆమె తలకు పెట్టి చూసి, ఆమెకు నచ్చిందే కొనండి. అరకు ప్రయాణం అక్కడి నుంచే మొదలవుతుంది.