కాలేజీ తనిఖీ నివేదికలు: అపోహలు – వాస్తవాలు

పన్నెండో తరగతి ఫలితాలు రాగానే అండమాన్‌లోని తెలుగు కుటుంబాల్లో మొదలయ్యే చర్చ ఒకటే: పిల్లల్ని ఏ కాలేజీలో చేర్పించాలి? ఆ నిర్ణయానికి తనిఖీ నివేదిక ఎంతో అక్కరకొస్తుంది. అడ్మిషన్లు ముగిశాక వస్తే మాత్రం ఎవరికీ ఉపయోగం లేదు.

అపోహ: అన్ని కాలేజీలనూ తనిఖీ చేసేది పాండిచ్చేరి విశ్వవిద్యాలయమే.
వాస్తవం: విశ్వవిద్యాలయంతో కాలేజీకి ఉండే అనుబంధం వేరు, తనిఖీ వేరు. 2015లో శ్రీ విజయపురంలో (నాటి పోర్ట్ బ్లెయిర్) మొదలైన వైద్య కళాశాల జాతీయ వైద్య కమిషన్ పరిధిలోకి వస్తుంది. బీఎడ్‌ను జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ), న్యాయవిద్యను బార్ కౌన్సిల్, ఇంజనీరింగ్‌ను అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) చూస్తాయి. కోర్సును బట్టి నివేదిక ఎవరి దగ్గరుందో తెలుసుకోవాలి.

అపోహ: తనిఖీ నివేదిక రహస్య పత్రం.
వాస్తవం: సమాచార హక్కు చట్టం, 2005 ‘సమాచారం’ అన్న నిర్వచనంలోనే నివేదికలను చేర్చింది. చట్టం చెప్పిన మినహాయింపులు వర్తించే భాగం ఏదైనా ఉంటే, దాన్ని తొలగించి మిగతాది ఇవ్వాలి.

అపోహ: జాతీయ మూల్యాంకన, గుర్తింపు మండలి (న్యాక్) ఇచ్చే గ్రేడు చూస్తే చాలు.
వాస్తవం: గ్రేడు సాధారణంగా అయిదేళ్లు చెల్లుతుంది. ఈలోపు అధ్యాపకులు బదిలీ కావచ్చు, ప్రయోగశాలలు మూలపడవచ్చు. లోపాలేమిటో తెలియాలంటే గ్రేడు వెనకున్న తనిఖీ బృందం (పీర్ టీమ్) నివేదిక చదవాలి.

అపోహ: ఆలస్యమైందంటే అవినీతి జరిగినట్టే.
వాస్తవం: లోపాలపై కాలేజీ వివరణ తీసుకుని, కమిటీ నిర్ణయించడానికి కొంత సమయం పడుతుంది. ఆలస్యం ఒక్కటే నేరానికి రుజువు కాదు. అయితే 2025 ఫిబ్రవరిలో లంచం ఆరోపణలపై న్యాక్ తనిఖీ బృందం సభ్యులనే సీబీఐ అరెస్టు చేసింది. నిర్ణయం అయిపోయాక కూడా నివేదికను తొక్కిపెడితే అనుమానాలు పెరగవా?

అపోహ: నివేదిక కావాలంటే దీవుల్లో ఉన్నవాళ్లు ఢిల్లీ చుట్టూ తిరగాలి.
వాస్తవం: కేంద్ర సంస్థలకు పది రూపాయల రుసుముతో ఆన్‌లైన్‌లోనే సమాచార హక్కు దరఖాస్తు చేయొచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోతే చట్టం దాన్ని తిరస్కరణగానే చూస్తుంది. అక్కడినుంచి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేయాలి. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి రుసుము వసూలు చేయకూడదు.

పౌరులు అడిగేదాకా ఆగకుండా, అడ్మిషన్ల ప్రకటనకు ముందే నివేదికలను వెబ్‌సైట్లలో పెట్టడం ఆయా సంస్థల బాధ్యత. తల్లిదండ్రులారా, ఫీజు కట్టే ముందు తాజా తనిఖీ నివేదిక చూపించమని కాలేజీని అడగండి. అది మీ హక్కు.